తాడు అవతలి కొస



దీపం ఆరిపోయిందని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనరు. దీపం కొండెక్కింది అంటారు. ఉల్లిపాయల ధర చేతికందకపోతే ధర కొండెక్కింది అంటాం. కొత్తల్లుడు అలిగి పలకకపోతే కొండెక్కి కూర్చున్నాడంటాం. అంటే మన భాషలో కొండెక్కినదేదైనా మన చేయి దాటిపోయినట్టే లెక్క. ఇలాంటి భాష మాట్లాడే మనమే మళ్ళీ తెల్లారగట్ల లేచి, మోకాళ్ళకు పట్టీలు బిగించి, సంచిలో నీళ్ళ సీసాలు సర్దుకుని కొండలెక్కడానికి బయల్దేరతాం.

ఈ రోజు నేను చెప్పబోయేది అలాంటి ఒక కొండ సంగతి. నల్లమలలో, అహోబిలం పైన నిలబడి ఉన్న ఉగ్రస్తంభం సంగతి. దాని మీదికి నేను రెండుసార్లు బయల్దేరాను. ఎక్కింది మాత్రం ఒక్కసారే. ఎక్కలేకపోయిన రోజున నాకు తెలిసివచ్చిన విషయం ఒకటుంది. మీకు చెప్పాలనుకుంటున్నది అదే.

నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ నుంచి అడవి వైపు 25 కిలోమీటర్లు వెళితే దిగువ అహోబిలం వస్తుంది. అక్కడి నుంచి మరో 8 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు ఎక్కితే ఎగువ అహోబిలం. చుట్టుపక్కల కొండల్లో తొమ్మిది చోట్ల నరసింహస్వామి వెలిశాడు. తొమ్మిదింటినీ కలిపి నవ నారసింహ క్షేత్రం అంటాం. కొన్ని గుళ్ళ దాకా కారు పోతుంది. కొన్నింటికి జీపులోనే పోగలం. జ్వాలా నరసింహుడి దగ్గరికి మాత్రం కాళ్ళే పోవాలి, లేదంటే మనల్ని డోలీలో మోసేవాళ్ళ కాళ్ళయినా పోవాలి. ఇక ఉగ్రస్తంభం దగ్గరికి డోలీ కూడా రాదు. అక్కడ గుడి లేదు, అర్చకుడు లేడు, తీర్థం ఇచ్చేవాళ్ళు లేరు. నిట్టనిలువుగా లేచిన ఒక కొండ కొమ్ము, దాని నడుమ పైనుంచి కిందికి చీలిన ఒక పగులు, అంతే. ప్రహ్లాదుడి మాట నిజం చేస్తూ స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని భక్తుల నమ్మకం.

ఈ చోటికి చేరడం కష్టమన్నది ఈనాటి మాట కాదు. వెయ్యేళ్ళకు పూర్వం తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రం మీద పది పాశురాలు పాడాడు. స్వామిని పొగిడినంత శ్రద్ధగా ఆయన దారి కష్టాన్ని కూడా వర్ణించాడు. ఎండలు, ఎండిన వెదుళ్ళు, మృగాలు, వేటగాళ్ళు అన్నీ ఉంటాయి ఆ పాటల్లో. ఆ తరవాత ఎర్రన నృసింహపురాణం రాసి ఈ కొండల్ని మన కావ్యాల్లోకి తెచ్చాడు. రోడ్డు వచ్చాక మనం ఆ కష్టాన్ని మరిచిపోయాం గానీ, రోడ్డు ఆగిపోయిన చోట ఆళ్వారు చెప్పిన దారి ఇంకా అలాగే ఉంది.

మొదటిసారి వెళ్ళింది వినాయక చవితి దాటిన వారంలో. నాతో మా బావమరిది. ఎగువ అహోబిలంలో దారి చూపడానికి ఒక చెంచు పెద్దాయన కుదిరాడు. వయసు నా అంతే ఉంటుంది. సన్నటి మనిషి, భుజాన ఎర్ర తువ్వాలు, కాళ్ళకు అరిగిన రబ్బరు చెప్పులు. నా కొత్త బూట్ల వైపు ఒకసారి చూసి ఏమీ అనలేదు. చెరొక వెదురు కర్ర మాత్రం మా చేతుల్లో పెట్టాడు.

"ఎంత దూరం అన్నా?" అని అడిగాను.

"దూరమేముండ్లా సారూ. ఎక్కుడే ఉండేది" అన్నాడు.

అది వేళాకోళం అనుకున్నాను. తరవాత ఆలోచిస్తే అందులో పెద్ద లెక్కే ఉంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు కొండనడకకు ఒక సూత్రం చెప్పాడు. దాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే, చదునున ప్రతి 5 కిలోమీటర్లకూ ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట కలుపుకోవాలి. అదీ దిట్టమైన నడకరికి. మనబోటి వాళ్ళం దానికి రెండింతలు వేసుకోవచ్చు. అంటే కొండల్లో కిలోమీటర్ల లెక్క పనికిరాదు, ఎత్తే అసలు దూరం. నైస్మిత్ పేరు వినకపోయినా ఆ సంగతి మా పెద్దాయనకు తెలుసు.

దారి భవనాశి వాగు వెంట మొదలవుతుంది. వానలకు వాగు నిండుగా ఉంది. గుండ్రాళ్ళ మధ్య నుంచి, వంతెనల కింద నుంచి, ఒక్కోచోట మన అడుగుల కింద నుంచే పారుతోంది. ఇరువైపులా మద్దిచెట్లు, వెదురు పొదలు. మొదటి అరగంట మాటలు సాగాయి. మా బావమరిది కూతురి చదువు గురించి మాట్లాడాడు, నేను నా పింఛను గురించి. తరవాత మెట్లు నిక్కాయి, మాటలు తగ్గాయి. ఇంకాసేపటికి ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. కొండ ఎక్కేటప్పుడు మాట్లాడగలుగుతున్నామంటే నడక సరైన వేగంలో ఉన్నట్టు. మాట తెగిందంటే వేగం తగ్గించుకోవాలి. మేము తగ్గించలేదు. పెద్దాయన మాత్రం మొదటి అడుగు ఏ తీరున వేశాడో వందో అడుగూ అదే తీరున వేశాడు. మేము పరుగున వెళ్ళి రొప్పుతూ కూర్చున్న ప్రతిచోటుకీ నింపాదిగా వచ్చి, ఆగకుండా మమ్మల్ని దాటిపోయేవాడు.

జ్వాలా నరసింహుడి గుడి ఒక పెద్ద కొండచరియ కింద ఉంది. వానాకాలంలో పైనుంచి జలపాతం గుడి ముందు తెరలా దూకుతుంది. ఆ తెర వెనక నడిచి స్వామిని చూడాలి. పక్కనే రక్తకుండం అనే చిన్న మడుగు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన చేతులు స్వామి కడుక్కున్నది అందులోనేనట. దర్శనమయ్యాక చాలామంది అక్కడి నుంచే మళ్ళుతారు. మేము ఉగ్రస్తంభం దారి పట్టాం.

అక్కడి నుంచి దారి అనే మాటకు అర్థం మారిపోతుంది. బండ మీద బండ. నడుమ చెట్ల వేళ్ళు. వేరు పట్టుకుని ఒక కాలు పైకి, రాయి పట్టుకుని రెండో కాలు పైకి. నాలుగింటిలో ఎప్పుడూ మూడు ఆనుకుని ఉండాలి. రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్ళూ ఒక చెయ్యీ. ఒక్కసారికి ఒక్కటే కదలాలి. బండలెక్కేవాళ్ళు ఎక్కడైనా మొట్టమొదట నేర్చుకునే పాఠం ఇదే. పెద్దాయన పాఠం చెప్పలేదు. మా ముందు ఎక్కి చూపించాడు. అందని చోట తువ్వాలు ఒక కొస తన మణికట్టుకు చుట్టుకుని, రెండో కొస కిందికి వదిలేవాడు.

కొమ్ము కళ్ళ ముందే కనబడుతోంది. పైన ఎవరో కట్టిన కాషాయ జెండా రెపరెపలాడడం కూడా తెలుస్తోంది. ఇంకొక్క అరగంట. అప్పుడు మొదలైంది చినుకు.

పెద్దాయన ఆగి బండ మీద అరచేయి పెట్టి చూశాడు. "ఈ పొద్దుకు చాలు సారూ. ఎనక్కి పోదాం పాండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పోసి, జెండా కనబడేంత దగ్గరికి వచ్చి వెనక్కా? "చినుకే కదన్నా, అయిదు నిమిషాల్లో ఆగిపోతుంది" అన్నాను.

"వాన ఆగుతాది సారూ. బండ ఆరొద్దా?"

"మళ్ళీ ఎప్పుడొస్తామో ఏమో!"

"కొండ యాడికీ పోదు. మీరు మళ్ళా వచ్చే పొద్దుకు గూడా ఈడనే ఉంటాది. మీరు ఉండల్ల గదా."

ఆ మాటకు మా బావమరిది నవ్వాడు. నేను నవ్వలేదు. దిగాం. దిగుతుండగా వాన పెద్దదైంది. జ్వాలా నరసింహుడి చరియ కిందికి చేరి గంటన్నర కూర్చున్నాం. ముందు కోపంగా, తరవాత చలిగా, ఆ తరవాత ఊరికే.

ఊరికే కూర్చున్నప్పుడు మనిషి రాళ్ళ వైపు కూడా చూస్తాడు. ఈ కొండల్ని కట్టిన రాయి ఒకప్పుడు ఇసుక. 150 కోట్ల ఏళ్ళకు పూర్వం, ఇక్కడ కడప నుంచి కృష్ణ దాకా పరుచుకున్న ఒక లోతట్టు నీటి కింద ఇసుకా బురదా పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఇసుక గట్టిపడి గట్టిపడి క్వార్ట్‌జైట్ అనే మొండి రాయి అయింది. బురద గట్టిపడి రేకులుగా విడిపోయే పలకరాయి అయింది. వానకూ గాలికీ మెత్తది ముందు అరుగుతుంది, మొండిది నిలబడుతుంది. అందుకే చరియలు గోడల్లా లేచాయి. మొండి రాయిలో నిలువుగా పగుళ్ళు పడతాయి, వాటిలోకి నీళ్ళూ వేళ్ళూ దిగి వెడల్పు చేస్తాయి. స్తంభం చీలికకు భూగర్భ శాస్త్రం చెప్పే కథ ఇది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. దగ్గర్లోనే మాలోల నరసింహుడి గుడి వైపు ప్రహ్లాదుడి బడి అని ఒక చోటు ఉంది. బండ మీద పిల్లలు గీసిన రాతల్లాంటి గీతలుంటాయి. ప్రహ్లాదుడు చదువుకున్నది అక్కడేనంటారు. ఇదే నల్లమలకు తూర్పు వైపున మార్కాపురం ఉంది. నా ఈడు వాళ్ళందరం అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీదే. ఆ పలక ఈ కొండల బురద గట్టిపడి అయిన రాయే. ప్రహ్లాదుడి బడి సంగతి నమ్మేవాళ్ళు నమ్మండి, మానేవాళ్ళు మానండి. మన బడి మాత్రం ఈ కొండల్లోంచే వచ్చింది.

వాన చూస్తూ పెద్దాయన బీడీ వెలిగించాడు. మా బావమరిదిని చూపించి, "ఈయప్ప మీకేమైతాడు సారూ?" అన్నాడు.

"బావమరిది."

"అట్లయితే తాడు పట్టొచ్చు" అని నవ్వాడు. మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు.

కొండచరియల్లో పెద్ద తేనెపట్లు ఉంటాయి. వాటిని తీయడానికి చెంచులు తాడు కట్టుకుని చరియ అంచు నుంచి కిందికి దిగుతారు. కింద లోయ, చుట్టూ పొగ, ముసిరే ఈగలు. దిగినవాడి ప్రాణమంతా పైన తాడు పట్టుకున్నవాడి చేతుల్లో ఉంటుంది. ఆ తాడు ఎవరు పట్టాలి? అన్నదమ్ముడు పట్టకూడదు. స్నేహితుడు పట్టకూడదు. భార్య తోడబుట్టినవాడే పట్టాలి. ఎందుకంటే, తాడు వదిలితే విధవయ్యేది వాడి అక్కో చెల్లెలో. ఎన్ని పంతాలున్నా తోబుట్టువు పసుపు కుంకుమల జోలికి ఎవడూ పోడు కదా!

నేను మా బావమరిది వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. మా మధ్య ఒక ఇంటి స్థలం విషయంలో మూడేళ్ళుగా మాటలు సరిగా లేవు. ఆ యాత్ర కూడా మా ఆవిడ పోరు పడలేక కలిసి వచ్చిందే. ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.

"సామి గూడా మాకు బావే గదా" అన్నాడు పెద్దాయన. చెంచులక్ష్మిని నరసింహస్వామి పెళ్ళాడాడు. ఆ లెక్కన చెంచులందరికీ ఆయన బావ. ఇది వాళ్ళు పుస్తకంలో చదువుకున్న కథ కాదు, ఏటా నడిపే చుట్టరికం. సంక్రాంతి వెళ్ళిన కనుమ నాడు అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలవుతుంది. చెంచులు విల్లంబులతో వస్తారు. తన పెళ్ళికి తానే అందర్నీ పిలవడానికి స్వామి పల్లకిలో బయల్దేరి, దాదాపు 40 రోజులు, ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. దేవుడే గడప గడపకూ వచ్చి పెళ్ళికి రమ్మని పిలవడం ఎంత బాగుంటుందో ఆళ్ళగడ్డ వైపు ఊళ్ళవాళ్ళను అడగాలి.

ఆ రోజు నేను ఉగ్రస్తంభం ఎక్కలేదు. కానీ కొండకు బయల్దేరేవాడు ముందు చూసుకోవలసింది బూట్లు కాదనీ, తాడు అవతలి కొస ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలనీ ఆ చరియ కింద తెలిసింది. ఎక్కించడం ఎవరైనా చేస్తారు. చాలు, వెనక్కి పోదాం అనగలిగే మనిషి దొరకడమే కష్టం. మన తెలుగువాడు మల్లి మస్తాన్ బాబు గుర్తొచ్చాడు. నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పల్లెలో పుట్టి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలనూ ఎక్కిన మొనగాడు. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీదికి ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. అంతటివాడి తెగువను కొలిచే అర్హత నాకు లేదు. కొండ ముందు ఎంత గొప్పవాడైనా ఒక్కడే అన్న సంగతి మాత్రం ఆ కబురు విన్నప్పుడల్లా గుండెలో గుచ్చుకుంటుంది.

రెండోసారి సంక్రాంతి తరవాత వెళ్ళాం. ఈసారి మా ఆవిడ పోరు అక్కర్లేకపోయింది. బావమరిదే ఫోను చేశాడు. అదే పెద్దాయన. చీకటితోనే బయల్దేరాం. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, వేరుశనగ ఉండలు, చిటికెడు ఉప్పు కలిపిన మజ్జిగ. బండలు పొడిగా ఉన్నాయి. వాగు సన్నబడింది. జ్వాలా నరసింహుడి ముందు నీటి తెర సన్నటి ధారగా మారింది.

"ఈసారైనా మీ బావ పైకి రానిస్తాడా అన్నా?" అని అడిగాను.

"మా బావ ఊళ్ళ మీద ఉండాడు సారూ, పెండ్లి పిలుపులకు పోయినాడు. కొండ మనదే!" అన్నాడు.

చివరి బండ దగ్గర నా కాళ్ళు వణికాయి. ఒకవైపు రాయి, రెండోవైపు గాలి. పెద్దాయన తువ్వాలు కొస వదిలాడు. పట్టుకున్నాను. నిజానికి ఆ తువ్వాలు నా బరువు మొయ్యలేదు. మోసింది నా కాళ్ళే. కానీ ఆ గుడ్డ అవతల ఒక మనిషి ఉన్నాడని తెలియడంతో కాళ్ళు కాళ్ళ పని చేశాయి.

పైన పెద్ద చోటేమీ లేదు. పట్టుమని పదిమంది ఇరుక్కుని నిలబడేంత. స్వామి పాదాలు, భక్తులు కట్టిన జెండాలు. తూర్పున కొండ వెనక కొండ, ఆ వెనక ఇంకో కొండ. ఎక్కడా ఊరన్నది కనబడదు. పడమటగా కొండల సందులోంచి కుందూ లోయ. పచ్చటి మళ్ళు, నడుమ చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తూ ఉన్నాయి. ఆ మైదానంలోని ఊళ్ళలోనే ఎక్కడో స్వామి పల్లకి తిరుగుతోంది. మేము ఆయన ఇంటి మీద నిలబడి ఉన్నాం, ఆయన మా ఊళ్ళలో ఉన్నాడు. ఒక వింత ఏమిటంటే, ఉగ్రస్తంభం ఎక్కినవాడికి ఉగ్రస్తంభం కనబడదు. ఆ చీలిక చూడాలంటే కిందే ఉండాలి. పైకి వచ్చినవాడికి మిగతా లోకం కనబడుతుంది.

ఎక్కడం గురించి అందరూ చెబుతారు, దిగడం గురించి ఎవరూ చెప్పరు. ఎక్కేటప్పుడు కష్టపడేది గుండె, ఊపిరితిత్తులు. దిగేటప్పుడు తొడ కండరాలు ఒళ్ళు బరువును ఆపుతూ, సాగుతూ పనిచెయ్యాలి. ఆ పనికి కండరంలో సన్నటి చిరుగులు పడతాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది, మెట్లు దిగబోతే గోడ పట్టుకోవలసి వచ్చినప్పుడు. పైగా ఎక్కేశామన్న నిర్లక్ష్యం, అలసట, వాలిన పొద్దు. అందుకే ఎక్కడానికి ఉన్న బలమంతా ఖర్చు పెట్టకూడదు, సగానికి పైగా దిగడానికి దాచుకోవాలి. చీకటి పడేలోపు అడవి దాటాలి, పులులు తిరిగే చోటు అది. అడుగు చిన్నగా, మోకాలు కాస్త వంచి, కర్ర ముందు, కాలు వెనక.

అలా దిగుతుంటే, ఆ చివరి బండ కిందే, పైకి వచ్చే గుంపులో ఒక కుర్రాడు ఇరుక్కుపోయి కనబడ్డాడు. ఇరవై ఏళ్ళుంటాయి. స్నేహితులు ముందుకు పోయారు. వీడు ఒక వేరు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పైకీ కిందికీ రాలేక బండకు అతుక్కుపోయాడు. పెద్దాయన ముందు కిందికి దిగి వాడి కాలు పెట్టవలసిన చోట చెయ్యి పెట్టాడు. పైన మనిషి కావాలి. తువ్వాలు తీసి నా వైపు విసిరాడు.

"మీరు పట్టండి సారూ" అన్నాడు.

నేనా, అన్నాను. మీరే, అన్నాడు. బండకు వీపు ఆనించి, మడమలు తన్నిపెట్టి, తువ్వాలు కొస మణికట్టుకు చుట్టుకున్నాను. రెండో కొస వాడికి అందించాను. వాడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. గంట కింద అదే బండ దగ్గర నేను పెద్దాయన వైపు చూసిన చూపు అది. "నింపాదిగా రా నాయనా. కొండ ఎక్కడికీ పోదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. వెనక నుంచి మా బావమరిది నా నడుం గట్టిగా పట్టుకున్నాడు.

ఒక్కో అడుగే పెట్టుకుంటూ వాడు చదునులోకి చేరాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. "థాంక్స్ అంకుల్" అన్నాడు.

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అంకులంటావేందిరా," అన్నాడు నవ్వుతూ, "తాడు పట్టినాడు గదా! ఇంక ఈయన నీకు బావమరిది."